పబ్లిక్ రేడియో విస్తరిస్తే ఊరి కమ్యూనిటీ స్టేషన్ సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ మాట్లాడేది అమెరికా గురించి. లైసెన్సులు, చట్టాలు, డాలర్లు అన్నీ అక్కడివే. కమ్యూనిటీ స్టేషన్ల వలంటీర్లు, బోర్డు సభ్యులు, తమ స్టేషన్ మూగబోతుందేమోనని కంగారుపడే శ్రోతలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి.

పబ్లిక్ రేడియో, కమ్యూనిటీ రేడియో ఒకటి కాదా?

లైసెన్సు కాగితం మీద రెండూ ఒకటే, వాణిజ్యేతర విద్యా ప్రసారాలు. ఎఫ్ఎం బ్యాండులో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా వీటికే కేటాయించారు. తేడా అంతా నడిపే తీరులో ఉంది. పబ్లిక్ రేడియో స్టేషన్లో జీతాలు తీసుకునే సిబ్బంది ఉంటారు. లైసెన్సు చాలాచోట్ల ఏ యూనివర్సిటీ పేరు మీదో ఉంటుంది. కార్యక్రమాల్లో పెద్ద వాటా ఎన్‌పీఆర్ (నేషనల్ పబ్లిక్ రేడియో) లాంటి సంస్థల నుంచి వస్తుంది. కమ్యూనిటీ స్టేషన్లో మైకు ముందు కూర్చునేది వలంటీర్లే. ఏం వేయాలో కూడా చాలావరకు వాళ్లే తేల్చుకుంటారు.

వయసులో కమ్యూనిటీ రేడియోయే పెద్దది. శ్రోతల చందాలతో నడిచే కేపీఎఫ్ఏ అనే కమ్యూనిటీ స్టేషన్ బర్క్‌లీలో 1949 ఏప్రిల్ 15న మొదలైంది. పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం 1967లో గానీ రాలేదు. ఎన్‌పీఆర్ సాయంత్రపు వార్తా కార్యక్రమం మొదటిసారి వినిపించింది 1971 మే 3న.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఎన్‌పీఆర్ ఆకాశవాణిలా స్టేషన్లు నడిపే సంస్థ కాదు. స్టేషన్లే అందులో సభ్యులు. "ఎన్‌పీఆర్ మా స్టేషన్ని కొనేసింది" అని శ్రోతలు అంటుంటారు గానీ, కొన్నది దాదాపు ఎప్పుడూ పక్క నగరపు సభ్య స్టేషనో, దాని వెనకున్న యూనివర్సిటీయో అయి ఉంటుంది. ఎవరి బోర్డు మీటింగుకు వెళ్లి నిలదీయాలో తెలియాలంటే ముందు ఇది తేల్చుకోవాలి.

విస్తరణ అంటే సరిగ్గా ఏం చేస్తారు?

నాలుగు దారులున్నాయి. ఉన్న స్టేషన్ని కొనడం మొదటిది. ఇంకో ఫ్రీక్వెన్సీ మీద ట్రాన్స్‌లేటర్ పెట్టడం రెండోది. పేరు చూసి భాషానువాదం అనుకోవద్దు, ఒక స్టేషన్ సిగ్నల్‌ను మరో ఫ్రీక్వెన్సీకి మార్చి తిరిగి పంపే చిన్న ట్రాన్స్‌మిటర్ అది. గరిష్ఠంగా 250 వాట్లు. మూడోది టవర్ మార్చి, పవరు పెంచి కవరేజీ సాగదీయడం. నాలుగోది హెచ్‌డీ రేడియో, అంటే ఉన్న సిగ్నల్ పక్కనే డిజిటల్ సిగ్నల్ జోడించడం.

కొనుగోలు పత్రికల్లో వస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. మిగతా మూడూ ఎఫ్‌సీసీ (ప్రసార లైసెన్సులిచ్చే కేంద్రప్రభుత్వ సంస్థ) లైసెన్సింగ్ వెబ్‌సైట్లో ఒక దరఖాస్తు రూపంలోనో, సమాచార పత్రం రూపంలోనో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాయి. చిన్న స్టేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇలాంటి వాటివల్లే. మీ ఫ్రీక్వెన్సీ, దానికి అటూ ఇటూ మూడేసి చానళ్లు, చుట్టూ వంద కిలోమీటర్లు. ఈ పరిధిలో కొత్తగా ఏ దరఖాస్తు పడిందో వారానికోసారి చూసే పని ఒకరికి అప్పగించండి. పది నిమిషాల పని.

పెద్ద రేడియో, చిన్న రేడియో గొడవ ఎప్పటిది?

1948 నుంచి ఎఫ్‌సీసీ కాలేజీలకు, బడులకు 10 వాట్ల ఎఫ్ఎం లైసెన్సులు ఇస్తూ వచ్చింది. వాటిని క్లాస్ డి అంటారు. ఈ బుల్లి స్టేషన్లు ఉన్న జాగా అంతా ఆక్రమిస్తున్నాయని, పెద్ద స్టేషన్లకు చోటు దొరకడం లేదని 1972లో సీపీబీ ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టుకుంది. 2025 దాకా కేంద్రప్రభుత్వ సొమ్మును పబ్లిక్ స్టేషన్లకు పంచిన సంస్థే ఈ సీపీబీ. 1978లో ఎఫ్‌సీసీ కొత్త క్లాస్ డి లైసెన్సులు ఆపేసింది. ఉన్నవాటికి, కనీసం 100 వాట్లకు పెరుగుతారా, లేక రక్షణ లేని హోదాలో ఉండిపోతారా తేల్చుకోమంది. చాలా కాలేజీలు డబ్బు పెట్టి పెరిగాయి. అలా పెరిగిన లైసెన్సుల్లో కొన్ని ముప్పయ్యేళ్ల తర్వాత లక్షల డాలర్ల ఆస్తులై అమ్మకానికి వచ్చాయి. ఈ విడ్డూరం ఎవరూ ముందుగా ఊహించినట్టు లేదు.

2000 జనవరిలో ఎఫ్‌సీసీ "లో పవర్ ఎఫ్ఎం" అనే, తక్కువ పవరుతో నడిచే చిన్న స్టేషన్ల లైసెన్సులను మొదలుపెట్టింది. వాణిజ్య ప్రసారకర్తల సంఘంతో పాటు ఎన్‌పీఆర్ కూడా దాన్ని వ్యతిరేకించింది. తన ట్రాన్స్‌లేటర్లకు, అంధుల కోసం ఉపతరంగం (స్టేషన్ సిగ్నల్‌తో పాటే వెళ్లే అదనపు సిగ్నల్) మీద నడిచే పఠన సేవలకు ఇబ్బంది అన్నది దాని వాదన. అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేసి నగరాల్లో చిన్న స్టేషన్లకు చోటు దాదాపు లేకుండా చేసింది. మైటర్ అనే పరిశోధన సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక మాత్రం ఆ భయానికి సాంకేతికంగా పెద్ద బలం లేదని తేల్చింది. అయినా చట్టం మారడానికి 2011 జనవరి 4 దాకా పట్టింది. తర్వాత 2013లో తెరిచిన దరఖాస్తుల గడువుకు 2,800కు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2023 డిసెంబరులో మరోసారి తెరిచారు.

మాది 100 వాట్ల లో పవర్ స్టేషన్. పెద్ద స్టేషన్ మా పక్కకు వస్తే మాకు రక్షణ ఉందా?

ముందు మీ లైసెన్సు ఏ రకమో చూడండి. కమ్యూనిటీ స్టేషన్ అన్నది ఎఫ్‌సీసీ లెక్కలో ఒక వర్గమే కాదు. పోర్ట్‌లాండ్‌లోని కేబీఓఓ లాంటివి పూర్తి స్థాయి లైసెన్సులు. వాటికి ఎన్‌పీఆర్ సభ్య స్టేషన్‌తో సమానమైన రక్షణ ఉంటుంది. లో పవర్ ఎఫ్ఎం మాత్రం సెకండరీ. పూర్తి స్థాయి స్టేషన్ కొత్తగా వచ్చినా, పవరు పెంచుకున్నా, మీరున్నారని అది ఆగనక్కరలేదు. ఆ స్టేషన్‌కు 70 డీబీయూ (సిగ్నల్ బలానికి కొలత) బలం ఉండే ప్రాంతంలోనో, దానికి లైసెన్సు ఉన్న ఊళ్లోనో మీ సిగ్నల్ నిజంగా అడ్డొస్తోందని తేలితే సరిచేసుకోవాల్సింది మీరే, ఖర్చూ మీదే. ట్రాన్స్‌లేటర్ల సంగతి వేరు. 2011 చట్టం ప్రకారం మీరూ వాళ్లూ సమానం. ముందు వచ్చినవాళ్లదే జాగా.

నేల మీద ఇది ఎలా ఉంటుందో చూడండి. లో పవర్ స్టేషన్ లెక్క, చుట్టుపక్కల నేల సగటు మట్టం మీద 30 మీటర్ల ఎత్తు నుంచి 100 వాట్లు. మంచి సిగ్నల్ 5.6 కిలోమీటర్లు. యాంటెన్నా ఇంకా పైకెక్కిస్తే కవరేజీ పెరుగుతుందనుకుంటారు. పెరగదు. ఎత్తు పెరిగిన కొద్దీ పవరు తగ్గించమంటారు, 60 మీటర్లకు పాతిక వాట్ల చుట్టూ వస్తుంది. ఎఫ్ఎం రిసీవర్‌కు ఇంకో గుణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు వస్తే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని నొక్కేస్తుంది. అందుకే మీ అంచున ఉన్న శ్రోతకు సిగ్నల్ క్రమంగా తగ్గినట్టు అనిపించదు. కారు ఒక కూడలి దాటగానే మీ పాట ఆగి వేరే స్టేషన్ వార్తలు మొదలవుతాయి, నాలుగు గజాలు ముందుకు పోతే మళ్లీ మీ పాట. ఇలాంటి ఫిర్యాదు వస్తే అది సహ చానల్ ఇబ్బంది. గరగర, ఊదినట్టు శబ్దం వస్తే పక్క చానల్. ఇంకో పెద్ద టవరు దగ్గర ఒక్క మీ స్టేషనే కాక నాలుగైదు చెడిపోతుంటే అది రిసీవర్ తట్టుకోలేకపోవడం. దానికి ఎవరి మీదా ఫిర్యాదు చేసి లాభం లేదు.

కదలక తప్పదని తేలితే దారులున్నాయి. అటూ ఇటూ మూడు చానళ్ల లోపు, లేదా ఇంటర్‌ఫియరెన్స్ తగ్గుతుందని ఇంజనీరు చూపగలిగితే వేరే ఏ చానల్‌కైనా, చిన్న మార్పుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2020 నుంచి టవర్‌ను 11.2 కిలోమీటర్ల దాకా ఇలాగే మార్చుకోవచ్చు. చిన్న మార్పుకు ప్రత్యేక గడువు తెరిచేదాకా ఆగనక్కరలేదు. మారే ముందు మూడు నెలలైనా పాత ఫ్రీక్వెన్సీ మీద కొత్త నంబరు చెబుతూ ఉండండి.

ఇంటర్‌ఫియరెన్స్ నిజంగా ఉందో లేదో ఎలా రుజువు చేయాలి?

ఒకరోజు వినిపించినదాన్ని నమ్మొద్దు. ఎండాకాలం తెల్లవారుజామున గాలి పొరల వల్ల వందల కిలోమీటర్ల దూరపు స్టేషన్లు వచ్చి పడతాయి, పొద్దెక్కితే పోతాయి. దానికి కొత్త ట్రాన్స్‌లేటర్ మీద నింద వేస్తే మీ తర్వాతి ఫిర్యాదును కూడా ఎవరూ పట్టించుకోరు.

మ్యాపు మీద 12 నుంచి 15 చోట్లు గుర్తించండి. సగం మీ కవరేజీ లోపల, సగం అంచున. కారు ఆపి వినడానికి వీలున్న చోట్లయితే మంచిది, నడుస్తున్న కారులో సిగ్నల్ ఎగుడుదిగుళ్లు ఎక్కువ. ఒక్కో చోట మూడు రిసీవర్లతో వినండి. కారు రేడియో, బల్ల మీద పెట్టుకునేది, చౌక రకం చేతి రేడియో. మూడింటిలోనూ వస్తేనే లెక్క. 30 సెకన్లు రికార్డు చేసి తేదీ, సమయం, జీపీఎస్ స్థానం రాసుకోండి. కారు డిస్‌ప్లే మీద ఏ స్టేషన్ పేరు కనిపిస్తోందో ఫొటో తీయండి. కలిసిపోయిన శబ్దం కన్నా ఆ పేరే గట్టి సాక్ష్యం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, నాలుగు వారాలు ఇలా చేయాలి.

చాలామంది మరిచేది ఇంకోటుంది. ముందు మీ ట్రాన్స్‌మిటర్ పవరు, యాంటెన్నా కేబులు పరీక్షించుకోండి. కనెక్టర్లో నీరు చేరితే వెనక్కి తిరిగే పవరు పెరుగుతుంది, కవరేజీ చడీచప్పుడు లేకుండా కుంచించుకుపోతుంది. "వాళ్లొచ్చాక మా సిగ్నల్ తగ్గింది" అన్నవాటిలో కొన్ని చివరికి ఇక్కడే తేలతాయి.

ట్రాన్స్‌లేటర్ మీద ఫిర్యాదు ఎలా వేయాలి?

2019లో నిబంధనలు మార్చారు. మీ రక్షిత కవరేజీలో 2 లక్షల లోపు జనాభా ఉంటే 6 మంది శ్రోతల ఫిర్యాదులు కావాలి. జనాభాతో పాటు సంఖ్య పెరుగుతూ 20 లక్షలు దాటినచోట 25 అవుతుంది. 5,000 కన్నా తక్కువ మంది ఉన్న లో పవర్ స్టేషన్‌కు 3 చాలు. శ్రోత ఉండే చోటు మీ 45 డీబీయూ గీత (మ్యాపు మీద మీ సిగ్నల్‌కు అంత బలం ఉండే హద్దు) లోపలే ఉండాలి.

ప్రతి ఫిర్యాదులో శ్రోత పేరు, చిరునామా, ఫోను, ఇబ్బంది ఎక్కడ వస్తోందో స్పష్టమైన వివరం, నెలకు కనీసం రెండుసార్లు రేడియోలో మీ స్టేషన్ వింటానన్న మాట, స్టేషన్‌తో ఉద్యోగ, ఆర్థిక, కుటుంబ, న్యాయ సంబంధం లేదన్న మాట ఉండాలి. సంతకం, తేదీ తప్పనిసరి. మీ కార్యదర్శి భార్య సంతకం చేస్తే అది చెల్లదు. వీటితో పాటు శ్రోతల స్థానాలు గుర్తించిన మ్యాపు, ఆ చోట్ల రెండు సిగ్నళ్ల నిష్పత్తి చూపే ఇంజనీరింగ్ లెక్క, ముందు అవతలివాళ్లతో మాట్లాడి చూశామన్న రుజువు జతచేయాలి. చివరిదాన్ని లాంఛనం అనుకోవద్దు. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. ఇబ్బంది తేలిన ట్రాన్స్‌లేటర్ దొరికిన వేరే చానల్‌కు మారడాన్ని అదే నిబంధనలు తేలిక చేశాయి కాబట్టి వాళ్లకూ అదే సుఖం.

మా యూనివర్సిటీ విద్యార్థుల స్టేషన్ని పబ్లిక్ రేడియోకు అమ్ముతోంది. ఆపగలమా?

ఎఫ్‌సీసీ దగ్గర ఆపడం చాలా కష్టం. బదిలీ దరఖాస్తు మీద పబ్లిక్ నోటీసు వచ్చిన 30 రోజుల్లో అభ్యంతర పిటిషన్ వేయొచ్చు. కానీ "ఈ సంగీతం ఇంకెక్కడా రాదు" అన్నది అక్కడ వాదనగా నిలబడదు. ఏం వేయాలన్నది మార్కెట్‌కు వదిలేయాలన్న ఎఫ్‌సీసీ విధానాన్ని 1981లో సుప్రీంకోర్టు సమర్థించింది. నిలబడేవి లైసెన్సు ఉల్లంఘనలు. అనుమతి రాకముందే కొనేవాళ్ల చేతికి పెత్తనం ఇచ్చేయడం, పబ్లిక్ ఫైలు (ఎవరైనా చూసేలా స్టేషన్ ఉంచాల్సిన రికార్డులు) సరిగా లేకపోవడం లాంటివి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కేయూఎస్ఎఫ్‌ను 37.5 లక్షల డాలర్లకు అమ్మినప్పుడు వలంటీర్లు ఇలాగే పోరాడారు. 2011 జనవరిలో ఆగిన స్టేషన్ విషయం తేలేసరికి 2012 జూన్ అయింది. రెండు పక్షాలూ కలిసి 50,000 డాలర్లు కట్టే ఒప్పందం కుదిరింది, అమ్మకం మాత్రం ఆగలేదు.

హ్యూస్టన్ కథ ఇంకా వివరంగా తెలుసుకోవాలి. రైస్ యూనివర్సిటీ విద్యార్థుల కేటీఆర్‌యూ 50,000 వాట్ల స్టేషన్. దాన్ని యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ 95 లక్షల డాలర్లకు కొని 2011లో శాస్త్రీయ సంగీతానికి మార్చింది. అయిదేళ్లు తిరిగేసరికి 2016లో ఆ ఫ్రీక్వెన్సీనే ఒక క్రైస్తవ ప్రసార సంస్థకు కోటి డాలర్లకు అమ్మేసింది. రైస్ విద్యార్థులు ఈలోగా లో పవర్ ఎఫ్ఎం మీద 96.1కు తిరిగొచ్చారు. నాష్‌విల్‌లోనూ అంతే. వాండర్‌బిల్ట్ విద్యార్థుల 91.1ను అక్కడి పబ్లిక్ రేడియో తీసుకుంది, పాత డీజేలు కొందరు కలిసి 2016లో డబ్ల్యూఎక్స్ఎన్ఏ అనే లో పవర్ స్టేషన్ పెట్టారు.

ఆపగలిగే సమయం అమ్మకం బయటపడ్డాక కాదు, దానికి రెండేళ్ల ముందు. స్టేషన్ బడ్జెట్ ఎవరి పద్దులో ఉందో కనుక్కోండి. అమ్మే పక్షంలో ముందు వలంటీర్ల సంఘానికే అడగాలన్న షరతు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఆ షరతుకు విలువ ఉండాలంటే మీకు రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ, బ్యాంకు ఖాతా ఉండాలి. చేతిలో సంస్థ లేని వలంటీర్లకు ఎవరూ లైసెన్సు రాసివ్వరు.

లైసెన్సు మాదే ఉంచి పగటి సమయం మాత్రం పబ్లిక్ రేడియోకు ఇమ్మంటున్నారు. లేదా వాళ్ల హెచ్‌డీ2లో (హెచ్‌డీ సిగ్నల్లోని అదనపు డిజిటల్ చానల్లో) మాకు చోటిస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

అట్లాంటాలో 2014లో జార్జియా స్టేట్ యూనివర్సిటీ విద్యార్థుల స్టేషన్లో ఉదయం 5 నుంచి రాత్రి 7 దాకా సమయం రాష్ట్ర పబ్లిక్ రేడియో చేతికి వెళ్లింది. విద్యార్థులకు రాత్రులు, ఆన్‌లైన్ మిగిలాయి. కారులో వినేవాళ్లుండేది ఆ పగటి వేళల్లోనే. కాబట్టి గంటల లెక్క కాదు, ఏ గంటలన్నది చూడండి.

హెచ్‌డీ2 వినాలంటే హెచ్‌డీ రేడియో ఉండాలి. పాత కార్లలో, వంటింటి రేడియోలో రాదు. ఒప్పుకోక తప్పకపోతే హెచ్‌డీ2కు ఒక అనలాగ్ ట్రాన్స్‌లేటర్ జతచేయమనండి. ఒప్పందం ఎన్నేళ్లు, రద్దు చేయాలంటే ఎన్ని నెలల నోటీసు (ఆరు నెలలకు తగ్గొద్దు), రికార్డింగులు ఎవరివి, స్టేషన్ పేరు, స్ట్రీమింగ్ చిరునామా ఎవరి చేతిలో ఉంటాయి అన్న నాలుగూ కాగితం మీద ఉండాలి. చివరిదాన్ని వదిలేసి తర్వాత వెతుక్కునేవాళ్లే ఎక్కువ.

పెద్ద స్టేషన్ హెచ్‌డీ పవరు పెంచితే మాకేంటి?

మీరు దాని పక్క చానల్లో ఉంటే సంబంధం ఉంది. హెచ్‌డీ డిజిటల్ సిగ్నల్ అసలు ఫ్రీక్వెన్సీకి రెండు వైపులా 129 నుంచి 198 కిలోహెర్ట్జ్ దూరంలో కూర్చుంటుంది. చానళ్ల మధ్య ఎడం 200 కిలోహెర్ట్జ్. అంటే అది పక్క చానల్ గుమ్మంలోకి వచ్చేసినట్టే. మొదట అనలాగ్ పవరులో 1 శాతమే అనుమతి. 2010 జనవరిలో 4 శాతానికి, కొన్నిచోట్ల 10 శాతం దాకా పెంచనిచ్చారు. 50,000 వాట్ల స్టేషన్‌కు 10 శాతమంటే 5,000 వాట్ల డిజిటల్ పవరు. మీరు 100 వాట్లు. మీ అంచుల్లో ఏకధాటిగా బుస్సుమనే శబ్దం వస్తే ముందు దీన్నే అనుమానించండి.

వాళ్లొచ్చాక మా విరాళాలు తగ్గుతాయా?

మీరూ వాళ్లూ ఒకే కార్యక్రమాలు వేస్తుంటే తగ్గుతాయి. పొద్దుటి జాతీయ వార్తలు రెండుచోట్లా వస్తుంటే శ్రోత సిగ్నల్ బాగున్నచోటే ఉంటాడు, చెక్కు కూడా అటే వెళుతుంది. అప్పుడు చేయాల్సింది డబ్బు పెట్టి కొంటున్న జాతీయ కార్యక్రమాన్ని వదిలేసి, ఆ వేళలో ఊరి ట్రాఫిక్, బడులు, మునిసిపల్ మీటింగులు, వాళ్లు వేయని భాషల్లో వార్తలు పెట్టడం. కొత్త శ్రోతలు వచ్చేదాకా ఏడాది పడుతుంది, మొదటి రెండు విరాళాల వారాలు డీలాగానే ఉంటాయి. బోర్డుకు ముందే చెప్పి ఉంచండి.

విరాళాల వారాల తేదీలు పెద్ద స్టేషన్‌తో ఢీకొనకుండా చూసుకోండి. అడిగితే వాళ్లు చెబుతారు, అందులో రహస్యమేం లేదు. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ల కన్నా నెలనెలా ఇచ్చేవాళ్ల మీద పెట్టుబడి పెట్టండి. నెలకు 8 డాలర్లిచ్చే 300 మంది ఉంటే 2,400 డాలర్లు. టవరు అద్దె, కరెంటు, ఇంటర్నెట్ బిల్లుల భయం ఉండదు.

చుట్టుపక్కల దుకాణాల ప్రకటనలు వేసుకోవచ్చా?

ప్రకటన కుదరదు, ప్రాయోజకుల ప్రస్తావన కుదురుతుంది. పేరు, చోటు, ఏం అమ్ముతారో చెప్పొచ్చు. ధర చెప్పకూడదు, "రండి, కొనండి" అనకూడదు, "అన్నిటికన్నా మేలైనది" అనకూడదు. ఈ నియమం ఎన్‌పీఆర్ సభ్య స్టేషన్‌కూ మీకూ ఒక్కటే.

2025లో కేంద్ర నిధులు పోయాయి కదా. ఇక విస్తరణ ఆగినట్టేనా?

2025 జులైలో కాంగ్రెస్ సీపీబీకి ముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆగస్టులో సీపీబీ మూతపడే ప్రక్రియ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. దీనివల్ల పెద్ద స్టేషన్లే దెబ్బతిన్నాయనుకుంటే పొరపాటు. నగరంలోని పెద్ద స్టేషన్‌కు ఆ సొమ్ము ఆదాయంలో చిన్న వాటా. అలాస్కాలోనో, ఆదివాసీ ప్రాంతాల్లోనో ఒంటరిగా ఉన్న పూర్తి స్థాయి కమ్యూనిటీ స్టేషన్‌కు బడ్జెట్‌లో పెద్ద భాగమే అది. వందవాట్ల స్టేషన్లు మాత్రం ఆ గ్రాంటు అర్హతలకు ఎప్పుడూ దరిదాపుల్లోకి రాలేదు కాబట్టి నేరుగా పోయిందేమీ లేదు.

విస్తరణ తగ్గొచ్చు, రూపం మారొచ్చు. డబ్బులేని చిన్న స్టేషన్ తన లైసెన్సును పక్క నగరపు స్టేషన్‌కు అప్పగించి దాని రిలేగా మిగిలిపోయే ప్రమాదం ఇప్పుడు ఎక్కువ. అలాంటి ప్రతిపాదన వస్తే రోజుకు ఎన్ని గంటలు ఊళ్లో తయారైన కార్యక్రమాలు ఉంటాయో అంకెల్లో రాయించుకోండి. "స్థానికతకు కట్టుబడి ఉంటాం" అన్న వాక్యాన్ని గంటల లెక్క అనుకోవద్దు.

డబ్బు లేక కొన్నాళ్లు ప్రసారం ఆపితే లైసెన్సు పోతుందా?

ఆపిన 10 రోజుల్లో ఎఫ్‌సీసీకి తెలపాలి. 30 రోజులు దాటేలా ఉంటే అనుమతి అడగాలి. 12 నెలలు వరసగా మౌనంగా ఉంటే లైసెన్సు చట్టం ప్రకారం దానంతటదే రద్దవుతుంది. నోటీసు రాదు. ప్రసారం ఆగిన తేదీ లాగ్‌బుక్కులో రాసి పెట్టుకోండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు అనుమతి పొందిన ఫ్రీక్వెన్సీ, పవరు, చోటు నుంచే చేయండి. వేరే చోట తాత్కాలికంగా యాంటెన్నా కట్టి ఒకరోజు నడిపిస్తే అది ప్రసారం కింద లెక్కకు రాదు, పన్నెండు నెలల గడియారం ఆగదు. లో పవర్ స్టేషన్ మామూలు రోజుల్లో కూడా వారానికి కనీసం 36 గంటలు, కనీసం 6 రోజులు, రోజుకు 5 గంటలకు తగ్గకుండా గాలిలో ఉండాలి. మనుషులు చాలనప్పుడు ఆ గంటల్ని కంప్యూటర్ ప్లేలిస్టుతో నింపినా ఫర్వాలేదు, ట్రాన్స్‌మిటర్ మాత్రం ఆరిపోకూడదు.